అవసరం లేని మ్యాచ్ గెలవాలా? సెప్టెంబర్ 28 మీద ఒక చర్చ

పాత స్కోర్‌కార్డు
సెప్టెంబర్ 28, 2025, రాత్రి 9:50

ఈరోజు మధ్యాహ్నం మూడింటి నుంచి టీవీలో మయామీ బేస్‌బాల్ మ్యాచ్, ల్యాప్‌టాప్‌లో మిల్వాకీ మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నాను. నేషనల్ లీగ్‌లో మిగిలింది ఒక్క వైల్డ్ కార్డ్, అంటే డివిజన్ గెలవని జట్టుకు ప్లేఆఫ్స్‌లో దొరికే చోటు. పొద్దున లేచేసరికి మెట్స్, రెడ్స్ రెండూ 83 గెలుపులు, 78 ఓటములతో సమానం. అలాగే సమానంగా ముగిస్తే ముఖాముఖిలో పైచేయి ఉన్న రెడ్స్‌కే చోటు. అంటే మెట్స్ గెలవాలి, రెడ్స్ ఓడాలి. రెడ్స్ మిల్వాకీలో బ్రూయర్స్ చేతిలో 4-2తో ఓడారు. తలుపు తెరిచే ఉంది. కానీ మెట్స్ మయామీలో మార్లిన్స్ మీద ఒక్క పరుగు కూడా తీయలేకపోయారు. 4-0.

నేను ఫిల్లీస్ మనిషిని. మెట్స్ బయటికి పోతే నాకు సంతోషం కలగాలి. కానీ నా మనసంతా గెలిచిన రెండు జట్ల మీదే ఉండిపోయింది. బ్రూయర్స్‌కు అగ్రస్థానం ముందే ఖాయమైంది. మార్లిన్స్ ఆశలు ముందే ముగిశాయి. ఇవాళ గెలిచినా ఓడినా వాళ్లకు పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అయినా ఆ రెండు జట్లే గెలిచాయి.

అప్పుడు తేదీ గుర్తొచ్చింది. 2011లో కూడా ఇదే సెప్టెంబర్ 28. ఆ రాత్రి అట్లాంటాలో మా ఫిల్లీస్, బ్రేవ్స్ ఆడారు. మాకు డివిజన్ అగ్రస్థానం ఎప్పుడో ఖాయం. బ్రేవ్స్‌కు మాత్రం అది చావో రేవో. కార్డినల్స్ అప్పటికే హ్యూస్టన్‌ను 8-0తో ఓడించి 90 గెలుపులతో కూర్చున్నారు. బ్రేవ్స్ దగ్గర 89. వాళ్లు గెలిస్తే మర్నాడు కార్డినల్స్‌తో ఒక్క మ్యాచ్ తేల్చుడు. ఓడితే ఇంటికి. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు వచ్చేసరికి బ్రేవ్స్ 3-2 ఆధిక్యంలో ఉన్నారు. చట్లీ శాక్రిఫైస్ ఫ్లైతో (తాను క్యాచ్ అవుటై పరుగు తెచ్చే షాట్) స్కోరు సమమైంది. 13వ ఇన్నింగ్స్‌లో హంటర్ పెన్స్ బంతిని సరిగ్గా కొట్టలేకపోయాడు, అది ఇన్‌ఫీల్డ్ కూడా దాటలేదు. కానీ పెన్స్ పరిగెత్తాడు. మొదటి బేస్‌కు ముందే చేరాడు, మూడో బేస్ మీదున్నవాడు పరుగు పూర్తి చేశాడు. 4-3. బ్రేవ్స్ సీజన్ అయిపోయింది.

తర్వాత కథ మీకు తెలుసు. మేం లోపలికి తెచ్చిన కార్డినల్సే మొదటి రౌండులో మమ్మల్ని ఓడించారు. ఐదో మ్యాచ్, 1-0, వాళ్ల పిచర్ కార్పెంటర్ చేతిలో మా పిచర్ హ్యాలడే ఓటమి. ఆఖరి అవుట్ దగ్గర ర్యాన్ హోవార్డ్ మడమ నరం తెగి మొదటి బేస్ దారిలోనే కుప్పకూలాడు. 102 గెలుపుల జట్టు అక్కడితో ఆగిపోయింది. కార్డినల్స్ ప్రపంచ సిరీస్ గెలిచారు.

ఆ రాత్రి పెన్స్ నెమ్మదిగా పరిగెత్తి ఉంటే? ఆ బంతికి జాగింగ్ చేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. 14 ఏళ్లుగా మా ఆఫీసులో, బంధువుల్లో ఈ మాట వింటున్నాను: ఫిల్లీస్ తమ గొయ్యి తామే తవ్వుకున్నారని. నేను ఒప్పుకోను. ఆ పరుగు సరైనదే అంటాను. మీరేమంటారు?


పీచ్‌ట్రీ రవి
సెప్టెంబర్ 28, రాత్రి 10:22

మొదట ఒక సవరణ. చట్లీ కాదు సార్, చేజ్ అట్లీ. మీ జట్టు మనిషి పేరు బ్రేవ్స్ అభిమాని సరిదిద్దాల్సి వచ్చింది.

ఆ మ్యాచ్‌కు నేను టర్నర్ ఫీల్డ్‌లో ఉన్నాను. మా కింబ్రెల్ ఆ ఏడాది రూకీ (కొత్త ఆటగాడు), లీగ్ మొత్తం భయపడే క్లోజర్ (ఆఖర్లో వచ్చి ఆధిక్యం కాపాడే పిచర్). ఆ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మాత్రం స్ట్రైక్ వేయడమే కష్టమైపోయింది అతనికి. వాక్ మీద వాక్ (నాలుగు తప్పు బంతులకు ఉచితంగా ఇచ్చే బేస్). పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో టోపీ పిండుతున్నాడు. 13వ ఇన్నింగ్స్ తర్వాత ఫ్రెడ్డీ ఫ్రీమన్ డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అవుటయ్యాక కాసేపు ఎవరూ లేవలేదు.

మీ ప్రశ్నకు జవాబు: పెన్స్ పరుగు గురించి నాకు ఫిర్యాదు లేదు. కానీ మీరు ఒక్క రాత్రినే చెప్తున్నారు. అంతకు ముందు రెండు వారాలు చెప్పండి. ఫిల్లీస్ సెప్టెంబర్ 17న డివిజన్ ఖాయం చేసుకున్నారు. ఆ మర్నాటి నుంచి వరుసగా ఎనిమిది ఓటములు. అందులో మొదటి రెండూ ఎవరి మీద? కార్డినల్స్ మీద. అప్పుడు మీ జట్టు పూర్తి బలంతో ఆడి ఒక్కటి గెలిచి ఉంటే చాలు, కార్డినల్స్ 89 దగ్గరే ఆగేవారు. తీరా మా ఊరొచ్చి మాత్రం మూడుకు మూడూ గెలిచారు. వాళ్లతో ఒకలా, మాతో ఒకలా ఆడారు. నా బాధ అదీ.


పాత స్కోర్‌కార్డు
సెప్టెంబర్ 28, రాత్రి 10:41

అట్లీ పేరు తప్పు రాసినందుకు మన్నించండి రవి గారూ, తొందరలో టైపు చేశాను.

ఎనిమిది ఓటముల మాట నిజం. అది నేను రాయకుండా వదిలేయడం న్యాయం కాదు. ఆలోచించి జవాబిస్తాను.


ఫెన్‌వే పద్మ
సెప్టెంబర్ 28, రాత్రి 11:05

ఈ తేదీ పేరెత్తితే నేను రాయకుండా ఉండలేను.

2011 సెప్టెంబర్ 3న మా బోస్టన్ రెడ్‌సాక్స్ వైల్డ్ కార్డ్ పోటీలో టాంపా బే రేస్ జట్టు కన్నా తొమ్మిది మ్యాచ్‌లు ముందుంది. ఆ నెలలో మేం గెలిచినవి ఏడు, ఓడినవి ఇరవై. ఆఖరి రాత్రికి ఇద్దరం సమానం. మేం బాల్టిమోర్‌లో ఓరియోల్స్‌తో, రేస్ తమ ఇంట్లో యాంకీస్‌తో. యాంకీస్ ఏడో ఇన్నింగ్స్ అయ్యేసరికి 7-0 ముందున్నారు. మా మ్యాచ్ వానకు ఆగింది, మేం 3-2 ఆధిక్యంలో ఉన్నాం. ఆ వాన విరామంలో మా ఇంట్లో అన్నాలు తిన్నాం, నవ్వుకున్నాం. ఇక అయిపోయిందనుకున్నాం.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రేస్ ఆరు పరుగులు తీశారు. తొమ్మిదిలో రెండు అవుట్లు, రెండు స్ట్రైకులు పడి, ఓటమి ఇంకొక్క స్ట్రైక్ దూరంలో ఉండగా డాన్ జాన్సన్ హోమ్ రన్ (మైదానం దాటించే షాట్) కొట్టి సమం చేశాడు. అర్ధరాత్రి దాటాక బాల్టిమోర్‌లో మా క్లోజర్ పాపెల్‌బాన్ మీద ఓరియోల్స్ రెండు పరుగులు తీసి 4-3తో మమ్మల్ని ఓడించారు. మూడు నిమిషాలకు అక్కడ లాంగోరియా హోమ్ రన్, రేస్ గెలుపు. మూడు నిమిషాలు! నెల రోజుల పతనం మూడు నిమిషాల్లో ముగిసింది.

యాంకీస్ సంగతి చెప్పాలి. వాళ్లకూ డివిజన్ ఖాయమే. మ్యాచ్ మొదలుపెట్టింది డెలిన్ బెటాన్సెస్, మేజర్ లీగ్‌లో అతనికి అదే మొదటి స్టార్ట్. మ్యాచ్ బిగుసుకున్నాక వాళ్ల క్లోజర్ మరియానో రివేరా వస్తాడేమోనని చూశాను. రాలేదు. లాంగోరియాకు బంతి వేసింది స్కాట్ ప్రాక్టర్. ఆ శీతాకాలమంతా నాకు కోపం. వాళ్ల మేనేజర్ జిరార్డి తన మంచి పిచర్లను దాచుకున్నాడని, మమ్మల్ని మోసం చేశాడని.

ఇప్పుడా కోపం లేదు. రెండు రోజుల్లో ప్లేఆఫ్స్ మొదలయ్యే జట్టు తన క్లోజర్‌ను ఇలాంటి మ్యాచ్‌లో వాడదు. అది వాళ్ల హక్కు. ప్రాక్టర్ కూడా నవ్వుతూ బంతులు వేయలేదు. అలసిపోయి, ఒకటి తర్వాత ఒక ఇన్నింగ్స్ లాక్కొచ్చాడు. తన దగ్గర ఎంతుందో అంతా వేశాడు. ఏడు గెలుపులు, ఇరవై ఓటముల సెప్టెంబర్ మాది. అందులో రివేరా తప్పు ఎక్కడుంది?


కొత్తగా చూస్తున్నా
సెప్టెంబర్ 28, రాత్రి 11:30

అందరికీ నమస్కారం. డల్లాస్‌లో ఉంటాను, బేస్‌బాల్ చూడ్డం మొదలుపెట్టి రెండు సీజన్లే. ఇవన్నీ చదువుతుంటే నాకు 2023 ఐపీఎల్ ఆఖరి లీగ్ రోజు గుర్తొచ్చింది. మే 21. మధ్యాహ్నం వాంఖెడేలో మన సన్‌రైజర్స్, అప్పటికే అట్టడుగున ఉన్న జట్టు, ముంబై మీద 200 కొట్టింది. గ్రీన్ సెంచరీతో ముంబై దాన్ని దాటేసింది. రాత్రి బెంగళూరులో ఆర్సీబీ, గుజరాత్. గుజరాత్‌కు అగ్రస్థానం ఖాయం, ఆర్సీబీ గెలిస్తేనే లోపలికి. కోహ్లీ సెంచరీ కొట్టాడు. గిల్ కూడా సెంచరీ కొట్టి గుజరాత్‌ను గెలిపించాడు. ముంబై ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఐదుసార్లు కప్పు గెలిచిన ముంబైని గుజరాత్ చేతులారా లోపలికి పిలిచిందని ఆ రాత్రి మా స్నేహితులంతా అన్నారు. అదే గుజరాత్ క్వాలిఫయర్‌లో ముంబైని ఓడించింది, గిల్ 129.

అంటే ఫిల్లీస్ కథే, ముగింపు వేరు. గుజరాత్ ఓడి ఉంటే మనం గిల్‌ను ఏమనేవాళ్లం?

ఇంకో ప్రశ్న. రెండో జట్టు గెలుపు వల్ల లాభపడే జట్టు వాళ్లకు బోనస్ ఇవ్వొచ్చా? ఉదాహరణకు ఇవాళ మెట్స్ వాళ్లు బ్రూయర్స్‌కు, రెడ్స్‌ను ఓడించండి, ఇంత ఇస్తాం అనొచ్చా? ఓడిపొమ్మని డబ్బివ్వడం కాదు కదా, గెలవమనే కదా.


పాత స్కోర్‌కార్డు
సెప్టెంబర్ 29, ఉదయం 7:10

మంచి ప్రశ్న తమ్ముడూ. ఇవ్వకూడదు. మేజర్ లీగ్ నియమాల్లో 21వది ప్రతి క్లబ్‌హౌస్‌లో గోడకు అంటించి ఉండాలి. అందులో మొదటి భాగమే ఇది: మ్యాచ్ ఓడిపోతానని ఒప్పుకున్నా, గెలవడానికి శక్తిమేర ప్రయత్నించకపోయినా శాశ్వత నిషేధం. 1919 ప్రపంచ సిరీస్ అమ్ముడుపోయిన మచ్చ నుంచి వచ్చిన కఠినత్వం అది. దాని వెంటనే రెండో భాగం నువ్వు అడిగినదే: పోటీలో ఉన్న జట్టును ఓడించినందుకు ఇంకో జట్టు ఆటగాళ్లకు బహుమతి ఇచ్చినా, తీసుకున్నా కనీసం మూడేళ్ల నిషేధం.

దీనికీ ఒక కథ ఉంది. 1917లో వైట్‌సాక్స్ ఆటగాళ్లు తలా కొంత వేసుకుని టైగర్స్ ఆటగాళ్లకు డబ్బిచ్చారు. బోస్టన్‌ను ఓడించినందుకని వాళ్ల వాదన. అది పదేళ్ల తర్వాత, 1927 మొదట్లో విచారణకు వచ్చింది. గెలవమని ఇచ్చిన డబ్బు కూడా ఎందుకు తప్పంటే, రేపు డబ్బు రాని రోజున అదే జట్టు ఎలా ఆడుతుందన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానం ఒక్కసారి మొదలైతే సెప్టెంబర్ మొత్తం పాడవుతుంది.

గిల్ గురించి: గుజరాత్ తర్వాత ఓడినా ఆ సెంచరీ అంతే గొప్పది. నేను పెన్స్ గురించి అంటున్నదీ అదే.

రవి గారి ఎనిమిది ఓటముల గురించి రాత్రంతా ఆలోచించాను. పాత స్కోర్‌కార్డులు తీసి చూశాను. మా మేనేజర్ మాన్యుయెల్ అలసినవాళ్లకు విశ్రాంతి ఇచ్చాడు, అది తప్పు కాదు. కానీ ఆ వారంలో మా జట్టు ఆట చూస్తే విశ్రాంతి ఒక్కటే కారణం అనలేను. మైదానంలో ఉన్నవాళ్లలోనూ బిగువు తగ్గింది. కార్డినల్స్‌కు ఆ రెండు గెలుపులు తేలిగ్గా దొరికాయి. కాబట్టి మా జట్టు తప్పు ఏదైనా ఉంటే అది అట్లాంటాలో గెలవడం కాదు, అంతకు ముందు వారం వదిలేయడం. ఇంతకాలం నేను దాన్ని దాటవేస్తూ వచ్చాను.


బాల్టిమోర్ బుజ్జి
సెప్టెంబర్ 29, ఉదయం 8:02

పద్మక్కా, ఆ రాత్రి మీరు అన్నాలు తింటున్నప్పుడు నేను కామ్డెన్ యార్డ్స్‌లో ప్లాస్టిక్ కోటు వేసుకుని నిలబడ్డాను. వాన విరామం గంటన్నరకు దగ్గరగా సాగింది. స్టేడియంలో చాలామంది మీ వాళ్లే. మా సొంత మైదానంలో మేం అతిథుల్లా ఉన్నాం.

ఓరియోల్స్‌కు ఆ ఏడాది 93 ఓటములు. అంతకుముందు ఏళ్లన్నీ కలిపితే వరుసగా 14వ ఓటమి సీజన్. నేను 2006లో మేరీల్యాండ్ వచ్చినప్పటి నుంచి సెప్టెంబర్‌లో ఒక్క అవసరమైన మ్యాచ్ కూడా చూడలేదు. ఆ రాత్రి తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్లు, బేసుల మీద ఎవరూ లేరు. క్రిస్ డేవిస్ డబుల్ (రెండో బేస్‌కు చేర్చే హిట్). రీమోల్డ్ డబుల్, సమం. ఆండీనో కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్‌లో క్రాఫర్డ్ గ్లవ్‌కు అందకుండా పడింది. అంతే, మా వాళ్లంతా ఆండీనో మీద పడిపోయారు. చూసినవాళ్లు వీళ్లేదో కప్పు గెలిచారనుకుంటారు.

మాకేం వచ్చిందని మీరు అడగొచ్చు. పట్టికలో మేం ఆఖరునే ఉన్నాం. కానీ ఆ రాత్రి బస్సులో ఇంటికెళ్తూ మొదటిసారి వచ్చే ఏడాది టికెట్లు ముందే కొనాలనుకున్నాను. 2012లో మా వాళ్లు 93 గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లారు. ఆ ఒక్క గెలుపే అందుకు కారణమని నేను చెప్పను. కానీ ఆఖరి స్థానంలో ఉన్న జట్టుకు కూడా ఆఖరి మ్యాచ్ ఖాళీ కాదు. దాన్ని చూడటానికి వచ్చినవాళ్లం మేమున్నాం.


చాండ్లర్ శ్రీను
సెప్టెంబర్ 29, ఉదయం 11:15

మీరంతా ఆడిన జట్ల గురించి మాట్లాడుతున్నారు. కూర్చుని చూడాల్సి వచ్చిన జట్టు గురించి నేను చెప్తాను.

2024. మా డైమండ్‌బ్యాక్స్ ఆదివారం 162 మ్యాచ్‌లూ ముగించారు. 89 గెలుపులు. మెట్స్, బ్రేవ్స్‌కు మాత్రం సోమవారం సెప్టెంబర్ 30న అట్లాంటాలో డబుల్‌హెడర్ (ఒకే రోజు రెండు మ్యాచ్‌లు) ఉంది, ఎందుకంటే అంతకుముందు వారం హెలీన్ తుఫాను వల్ల రెండు మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి. వాళ్లిద్దరూ చెరొకటి గెలిస్తే ఇద్దరూ లోపల, మేం బయట. ఒకరు రెండూ గెలిస్తే మేం లోపల. అంటే మా ఆశ మొత్తం వాళ్లలో ఒకరు రెండో మ్యాచ్‌లోనూ పట్టుదలగా ఆడటం మీదే.

మొదటి మ్యాచ్ మెట్స్ 8-7తో గెలిచారు. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 3-0 వెనకబడి, ఆరు పరుగులు తీసి, మళ్లీ నాలుగు ఇచ్చుకుని, తొమ్మిదిలో లిండార్ రెండు పరుగుల హోమ్ రన్‌తో. అంత గొప్ప మ్యాచ్ నేను చాలా తక్కువ చూశాను. దాంతో మెట్స్‌కు చోటు ఖాయం. రెండో మ్యాచ్ వాళ్లకు అక్కర్లేదు. ఆ ఏడాది ఎక్కువ భాగం మైనర్ లీగ్‌లో గడిపిన జోయీ లూకేసీతో బంతి వేయించారు. బ్రేవ్స్ 3-0తో గెలిచారు. మా సీజన్ మా ఇంటి టీవీలో, మేం బ్యాట్ పట్టకుండా ముగిసిపోయింది.

మా అబ్బాయికి అప్పుడు పదేళ్లు. మనవాళ్లు ఆడకుండానే ఎలా ఓడిపోయారు నాన్నా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.


క్వీన్స్ కవిత
సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 12:40

శ్రీను గారూ, నిన్న మేం బయటికొచ్చాం కాబట్టి మీ బాధ ఈరోజు నాకు ఇంకా బాగా అర్థమవుతుంది. జూన్ 12న మా జట్టు 45 గెలుపులు, 24 ఓటములతో మొత్తం బేస్‌బాల్‌లోనే ముందుంది. ఆ జట్టు సెప్టెంబర్ 28న ఇలా ముగుస్తుందని ఎవరనుకుంటారు. ఐదో ఇన్నింగ్స్‌లో బేసులు నిండి ఉన్నప్పుడు అలోన్సో కొట్టిన బంతి తుపాకీ గుండులా వెళ్లి నేరుగా ఫీల్డర్ చేతిలో పడింది. రెండు గజాలు పక్కకు వెళ్లి ఉంటే! 2007లోనూ ఆఖరి రోజు మార్లిన్సే మమ్మల్ని ఆపారు. 17 మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఏడు మ్యాచ్‌ల ఆధిక్యం పోగొట్టుకున్న ఏడాది అది. 2008లోనూ ఆఖరి రోజు మార్లిన్సే. మూడుసార్లు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నిజం చెప్పాలంటే గౌరవం ఉంది.

కానీ 2024 రెండో మ్యాచ్ గురించి ఒక మాట. లూకేసీ దాన్ని నామమాత్రంగా ఆడలేదు. అతనికది మేజర్ లీగ్‌లో దొరికిన అరుదైన రాత్రి. 3-0 అంటే మ్యాచ్ అందనంత దూరమేమీ పోలేదు. మరుసటి రోజే మాకు మిల్వాకీలో ప్లేఆఫ్ మ్యాచ్. ముఖ్యమైన పిచర్లను అక్కడ వాడేస్తే మా జట్టుకు మేం అన్యాయం చేసినట్టే కదా. ఎవరిని పంపాలన్నది జట్టు నిర్ణయం. పంపినవాడు మనసు పెట్టి ఆడాడా లేదా, అదొక్కటే బయటివాళ్లు అడగగలిగేది. ఆ రాత్రి మా వాళ్లు ఆడారు.


చాండ్లర్ శ్రీను
సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 1:05

కవిత గారూ, లూకేసీని నేనేమీ అనలేదు. నా బాధ ఆ పరిస్థితి మీద. తుఫాను వస్తుందని ముందే తెలుసు. ఆ రెండు మ్యాచ్‌లను అంతకుముందే జరిపే దారి వెతకాల్సింది. ఆఖరికి రెండు జట్లకూ చెరొక గెలుపు సరిపోయే ఏర్పాటు, మూడో జట్టు భవిష్యత్తు దాని మీద ఆధారపడటం, ఇది ఏ ఆటలోనూ మంచిది కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే రవి గారు నన్ను అడుగుతారు. అదే సెప్టెంబర్ 22న మిల్వాకీలో మేం 8-0 ఆధిక్యంలో ఉండి 10-9తో ఓడిపోయాం. ఆ ఒక్కటి నిలబెట్టుకుని ఉంటే మాకు 90. అట్లాంటా వైపు చూడాల్సిన అవసరమే లేదు. మా అబ్బాయికి ఆరోజు చెప్పాల్సిన జవాబు అదే. ఇవాళ సాయంత్రం చెప్తాను.


హరి, హ్యూస్టన్
సెప్టెంబర్ 29, సాయంత్రం 6:20

2011 గురించి ఇంత మాట్లాడి ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి కార్డినల్స్‌తో 8-0తో ఓడింది మా ఆస్ట్రోస్. మాకది ఆ ఏడాది 106వ ఓటమి. ఇంకా దగ్గరగా చూడండి. మీ పెన్స్‌ను ఆ జులై చివర్లో ఫిల్లీస్‌కు పంపింది మేమే. రెండు రోజుల తర్వాత మైకెల్ బోర్న్‌ను బ్రేవ్స్‌కు పంపిందీ మేమే. అంటే ఆ 13వ ఇన్నింగ్స్‌లో రెండు వైపులా మా పాత ఆటగాళ్లే ఉన్నారు, మా జట్టేమో కార్డినల్స్‌కు గెలుపు అప్పగించి ఇంటికి బయల్దేరింది.

తర్వాతి రెండేళ్లలో 107, 111 ఓటములు. ఓడితే డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏర్పాటు) ముందు వరస దొరుకుతుంది, జీతాలు మిగులుతాయి, ఐదేళ్లకు గట్టి జట్టు తయారవుతుందని లెక్క. 2017లో కప్పు వచ్చింది, కాబట్టి లెక్క కుదిరిందన్నారు. నేను ఆ మూడేళ్లూ టికెట్ కొని వెళ్లినవాణ్ని. గ్యాలరీలో ఖాళీ కుర్చీలు లెక్కపెట్టలేనన్ని ఉండేవి. దాన్ని తెలివి అంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు డ్రాఫ్ట్‌కు లాటరీ పెట్టారు. మొదటి ఆరు స్థానాలు లాటరీతో తేలతాయి, అట్టడుగు మూడు జట్లకు సమానంగా 16.5 శాతం అవకాశం. కాబట్టి అందరికన్నా ఎక్కువ ఓడినా అదనపు లాభం లేదు. పైగా వరుసగా లాటరీలో చోటు దొరక్కుండా నిబంధన ఉంది. 2024 వైట్‌సాక్స్ 121 ఓటములతో ఆధునిక కాలపు రికార్డు మూటగట్టుకుని కూడా 2025 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎంచుకోవాల్సి వచ్చింది.

ఆ వైట్‌సాక్స్‌నే చూడండి. 120 ఓటముల దగ్గర ఉండి ఏంజెల్స్ మీద సొంత మైదానంలో వరుసగా మూడు గెలిచారు. తర్వాత డెట్రాయిట్‌లో 121వ ఓటమి. అదే రాత్రి టైగర్స్ ప్లేఆఫ్స్ చోటు ఖాయం చేసుకున్నారు. మిగిలిన రెండు మ్యాచ్‌లూ వైట్‌సాక్సే గెలిచారు! మైదానంలో దిగినవాడు ఎవడూ ఓడాలని దిగడు. వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని కుర్రాళ్లు వాళ్లు. ఓడాలని లెక్కలు వేసేది పైన ఆఫీసు గదుల్లో. అందుకే పెన్స్ విషయంలో స్కోర్‌కార్డు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, కానీ ప్రయత్నం అనే మాట ఆటగాళ్ల దగ్గర ఆగిపోకూడదు. జులైలో జట్టు మొత్తాన్ని అమ్మేసిన మేనేజ్‌మెంట్ సెప్టెంబర్‌లో ఎవరికి అన్యాయం చేస్తుందో కూడా అడగాలి. 2011లో మా మీద ఆడే అదృష్టం కార్డినల్స్‌కు దక్కింది, బ్రేవ్స్‌కు 102 గెలుపుల ఫిల్లీస్ తగిలారు.


పీచ్‌ట్రీ రవి
సెప్టెంబర్ 29, సాయంత్రం 6:48

హరి గారూ, పెన్స్, బోర్న్ ఇద్దరూ ఒకే జట్టు నుంచి వచ్చారన్న సంగతి తెలుసు గానీ ఇలా కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. మీ చివరి వాక్యం మాత్రం చాలాసేపు చదివాను.

స్కోర్‌కార్డు గారూ, మీరు ఎనిమిది ఓటములు ఒప్పుకున్నారు కాబట్టి నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మా వాళ్లు ఆ ఆఖరి ఐదు మ్యాచ్‌లూ ఓడారు. ఐదింట్లో ఒక్కటి గెలిచినా మీ మీద ఏ నేరమూ ఉండేది కాదు. సెప్టెంబర్ మొదట్లో కార్డినల్స్ కన్నా ఎనిమిదిన్నర మ్యాచ్‌లు ముందున్న జట్టు మాది.


కొత్తగా చూస్తున్నా
సెప్టెంబర్ 29, రాత్రి 8:15

మరి ఒక ఆటగాడు తన కోసం తాను ఆఖరి రోజు తప్పించుకుంటే? జట్టుకు ఏ అవసరమూ లేదు, అతని రికార్డు మాత్రం కాపాడుకోవాలి. అలాంటప్పుడు కూర్చోవడం తప్పా?


ఫెన్‌వే పద్మ
సెప్టెంబర్ 29, రాత్రి 8:55

తమ్ముడూ, మళ్లీ సెప్టెంబర్ 28 దగ్గరికే తీసుకొచ్చావు. 1941లో ఆ రోజు టెడ్ విలియమ్స్ బ్యాటింగ్ సగటు (అవకాశాల్లో హిట్ల వాటా) .39955. రౌండ్ చేస్తే .400. రెడ్‌సాక్స్‌కు ఆ మ్యాచ్‌లతో పనిలేదు, యాంకీస్ ఎప్పుడో లీగ్ గెలిచేశారు. కూర్చుంటే చరిత్రలో చోటు. ఫిలడెల్ఫియాలో డబుల్‌హెడర్, రెండూ ఆడాడు. ఎనిమిది అవకాశాల్లో ఆరు హిట్లు. .406. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగ్‌లలో ఎవరూ మళ్లీ .400 చేరలేదు.

దానికి తలకిందుల కథ 1910లో జరిగింది. టై కాబ్ తన సగటు కాపాడుకోవడానికి ఆఖరి మ్యాచ్‌లు ఆడలేదు. సగటులో అతనితో పోటీపడుతున్న లాజోయ్ సెయింట్ లూయిస్‌లో బ్రౌన్స్ జట్టుతో డబుల్‌హెడర్ ఆడాడు. కాబ్ అంటే పడని బ్రౌన్స్ మేనేజర్ ఒకానర్ తన థర్డ్ బేస్‌మన్‌ను బాగా వెనక్కి నిలబడమన్నాడు. లాజోయ్ బంట్ మీద బంట్ (బంతిని మెల్లగా దగ్గర్లోనే పడేసే షాట్) పెట్టి హిట్లు పోగేసుకున్నాడు. ఆ గొడవతో ఒకానర్ ఉద్యోగం పోయింది. ఎక్కువ సగటుకు బహుమతిగా పెట్టిన కారు ఇద్దరికీ చెరొకటి ఇచ్చారు, కానీ ఆ హిట్లను ఎవరూ గౌరవంగా గుర్తు పెట్టుకోలేదు. లాజోయ్ గొప్ప ఆటగాడు, అవి లేకపోయినా అతని పేరు నిలిచేది. ఎదుటివాడు ప్రయత్నించకపోతే మన గెలుపు కూడా చెడిపోతుంది.


పాత స్కోర్‌కార్డు
సెప్టెంబర్ 29, రాత్రి 9:30

పద్మ గారి ఆఖరి మాట దగ్గరే నేను వెతుకుతున్నది దొరికింది. ఫిల్లీస్ ఆ రాత్రి వదిలేసి ఉంటే బ్రేవ్స్ మర్నాడు కార్డినల్స్‌తో ఆడేవారు. గెలిచినా, ఆ గెలుపు కింద ఎప్పటికీ ఒక మాట ఉండేది: ఫిల్లీస్ వదిలేశారు కాబట్టి. రవి గారు అప్పుడు సంతోషించేవారా?


పీచ్‌ట్రీ రవి
సెప్టెంబర్ 29, రాత్రి 9:44

ఆ క్షణంలో సంతోషించేవాణ్నే. అబద్ధం చెప్పను. తర్వాత ఎప్పుడో ఒకరోజు కాదు.

మీరు స్కోర్‌కార్డులు దాచుకుంటారు కదా. ఆ రాత్రిది ఉందా? ఉంటే ఆ పేజీ ఫొటో పెట్టగలరా? ఆ 13వ ఇన్నింగ్స్ వీడియో నేను ఇంతవరకు మళ్లీ చూడలేదు. కాగితం మీద అయితే చూడగలననుకుంటున్నా.


పాత స్కోర్‌కార్డు
సెప్టెంబర్ 29, రాత్రి 10:20

ఉంది. టీవీ ముందు కూర్చుని రాసింది. మూలలో కాఫీ మరక ఉంది, క్షమించండి. పైన పెట్టాను. గడులు 12 వరకే అచ్చులో ఉన్నాయి, 13వది నేను పక్కన స్కేలుతో గీసుకున్నాను.


పీచ్‌ట్రీ రవి
సెప్టెంబర్ 29, రాత్రి 10:52

చూశాను. పెన్స్ గడిలో పెన్ను గట్టిగా నొక్కారు, కాగితం కాస్త చిరిగినట్టుంది. కింద ఫ్రీమన్ డబుల్ ప్లే కూడా రాశారు. దాని పక్కన చిన్న అక్షరాల్లో "పాపం" అని ఉంది. ఆ రాత్రే రాసిందా అది?


పాత స్కోర్‌కార్డు
సెప్టెంబర్ 29, రాత్రి 10:58

అవును, ఆ రాత్రే.